అరగంట చేప

షోరూములో ఆమెను అందరూ డెమో మేడం అనేవారు. అసలు పేరు మెడలో వేలాడే కార్డు మీద ఉండేది కానీ, ఆ కార్డు ఎప్పుడు చూసినా వెనక్కి తిరిగే ఉండేది. వెనక వైపు కంపెనీవారు అచ్చు వేయించిన ఓవెన్ బొమ్మ. పేరు తెలియకపోయినా పలకరించేవారికి ఆ బొమ్మ చాలు.

ప్రతి సాయంత్రం వంటింటి సామాన్ల అంతస్తులో, ఎర్ర రిబ్బను కట్టిన బల్ల వెనక నిలబడి, అరగంటలో చేపల భోజనం ఎలా వండుకోవచ్చో జనానికి చూపించడం ఆమె ఉద్యోగం. వండటం కాదు, చూపించడం. ఆ రెండింటికీ మధ్య ఉన్న తేడా మీదే ఆమె ఉద్యోగమూ, కంపెనీ పరువూ ఆనుకుని నిలబడ్డాయి.

బంగాళాదుంపలు, క్యారెట్లు, క్యాప్సికం, ఉల్లిపాయలు అప్పటికే గాజు గిన్నెల్లో ముస్తాబై కూర్చునేవి. వాటిని కోయడానికి ఆమె వెనక గదిలో మధ్యాహ్నమంతా నిలువుకాళ్ల మీద ఉండేదన్న సంగతి అరగంట లెక్కలోకి రాదు. చేప ముల్లు తీయడమూ రాదు. ఓవెన్ వేడెక్కడమూ రాదు. లెక్కలోకి వచ్చేది ఒక్కటే: ఆమె అన్నింటినీ ట్రేలో పోసి, నూనె చిలకరించి, ఉప్పూ మిరియాల పొడీ చల్లి, ఓవెన్ తలుపు మూసి, చేతులు దులుపుకుని, "ఇక మీరు హాయిగా వెళ్లి స్నానం చేసి రండి" అని నవ్వడం.

బల్ల కింద, గుడ్డ చాటున, రెండో ఓవెన్ ఉండేది. అసలు భోజనం ఎప్పటినుంచో అందులో తీరిగ్గా కాలుతూ ఉండేది. సమయం చూసి మేనేజరు హాలుకు ఆ చివర గంట మోగించి, "ఇవాళ్టి ప్రత్యేక ఆఫర్!" అని గావుకేక పెట్టేవాడు. తలలన్నీ అటు తిరిగేవి. ఆమె చేతిగుడ్డ జారవిడిచి, తీసుకోవడానికన్నట్టు కిందికి వంగి, లేచేటప్పుడు పొగలు కక్కే ట్రేతో లేచేది. జనం "ఆహా" అనేవారు. పంటికి అంటీ అంటనంత ముక్కని పుల్లకు గుచ్చి అందరికీ పంచితే, "ఇంత త్వరగా ఎలా అయిందండీ" అని నోరెళ్లబెట్టేవారు.

గొడుగు పట్టుకుని రోజూ వచ్చే ఒక పెద్దాయన మాత్రం నోరెళ్లబెట్టలేదు. పుల్ల అందుకుంటూ, దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి, "కింద ఎన్ని డిగ్రీల మీద పెడతావమ్మా?" అని అడిగాడు. ముక్క నోట్లో వేసుకుని తన దారిన వెళ్లిపోయాడు. మర్నాటి నుంచి ఆయన పుల్లకు గుచ్చే ముక్క కాస్త పెద్దదైంది. మేనేజరు దాన్ని పెద్దల పట్ల గౌరవం అనుకుని మెచ్చుకున్నాడు.

నిజానికి ఆ పనిలో చేతుల వాటా కొంచెమే. మిగతాదంతా నోటిది. ట్రే లోపలికి వెళ్లినప్పటి నుంచి గంట మోగేదాకా ఆమె గుక్క తిప్పుకోకుండా మాట్లాడాలి. మాట ఆగితే జనం గడియారం చూస్తారు. గడియారం చూశారంటే కంపెనీ మునిగినట్టే. అందుకని ఎదుటి మనిషి చేతిసంచి చూసి ఇల్లు ఊహించేది, ఇల్లు ఊహించి అత్తగారిని ఊహించేది. "మీ ఇంట్లో ఒకరికి కారం, ఒకరికి చప్పిడి, అవునా?" అంటే ఆ మనిషి ఆశ్చర్యపోయి ఇంటి గుట్టంతా విప్పేది. చిన్నప్పటి నుంచి రేడియోలో వార్తలు చదవాలని ఆమె కోరిక. పరీక్షకు వెళితే గొంతు బ్రహ్మాండంగా ఉందన్నారు. అంత బ్రహ్మాండమైన గొంతుకు తగిన ఖాళీ లేదని కూడా అన్నారు. ఆ గొంతు చివరికి ఓవెన్ పాలైంది.

ఇంట్లో మాత్రం ఓవెన్ లేదు. పెట్టడానికి చోటూ లేదు. రెండు పొయ్యిల స్టవ్వు, దాని పక్కన ఒక మనిషి నిలబడితే రెండో మనిషి గుమ్మంలో ఉండాల్సిన వంటగది. ఆమె భర్త బస్సు డిపోలో టైమ్‌కీపరు. ఏ బస్సు ఎంత ఆలస్యంగా వచ్చిందో రాసుకోవడం ఆయన పని. ఆ పనికి ఆయన మాత్రం ఏనాడూ ఆలస్యంగా వెళ్లలేదు. ఇంట్లో మూడో మనిషి అత్తగారు.

ఇలా గడిచిపోతుండగా ఒక సాయంత్రం బల్ల ముందు గుంపులో ఆడపడుచు కనిపించింది.

ఆవిడ టైమ్‌కీపరుకు అక్క. ఆడపిల్లల హాస్టల్లో వార్డెను. ఆవిడ గదిలోకి వస్తే కుర్చీలు కూడా సర్దుకుని కూర్చుంటాయని చెప్పుకునేవారు. అలాంటి మనిషి చేతులు కట్టుకుని మరదలి డెమో మొత్తం చూసింది. మేనేజరు గంట కొట్టినప్పుడు అందరితోపాటు తానూ తల తిప్పింది. పుల్ల మీది ముక్క తిని, మరదలితో ఒక్క ముక్క కూడా చెప్పకుండా నేరుగా కౌంటరుకు వెళ్లి, షోరూములో ఉన్నవాటిలోకెల్లా పెద్ద ఓవెన్ కొనేసింది.

డెమో మేడానికి నోట మాట రాలేదు. ఆమె జీవితంలో అది అరుదైన ఘట్టం. పరాయివాళ్లు కొంటే వాళ్ల తంటాలు వాళ్లవి. వదిన కొంటే ఆ తంటా నేరుగా ఇంటికి వస్తుంది.

వచ్చింది కూడా. ఆ వారంలోనే ఫోను మోగింది.

"ఏమ్మా, నేను నీకేం అపకారం చేశాను?" అంది వదిన.

"ఏమైంది వదినా?"

"ఏం కావాలి ఇంకా? మా హాస్టలు వాళ్లందరినీ భోజనానికి పిలిచాను. అరగంటలో పెట్టేస్తానని గొప్పలు కూడా పోయాను. చేప చూస్తే చెప్పు అట్టలా వచ్చింది. దుంప గోళీకాయ. వంటావిడ దాన్ని కొరకబోతే కట్టుడు పన్ను ఊడి పళ్లెంలో పడింది. మీ అన్నయ్య దాన్ని అతికిస్తూ కూర్చున్నారు."

వదిన భర్త కట్టుడు పళ్లు తయారుచేస్తాడు. ఆ రకంగా చూస్తే ఆ విందు వల్ల ఇంట్లో ఒకరికైనా పని దొరికింది. ఈ మాట డెమో మేడం నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"ముక్కలు పెద్దవయ్యాయేమో వదినా..."

"నాకు పాఠాలొద్దు. ఆదివారం నువ్వే రా. నా ఓవెన్‌లో, నా కళ్ల ముందు వండు. తమ్ముడు వాచీ పట్టుకుని కూర్చుంటాడు. వాడి ఉద్యోగమే అది కదా. అరగంటలో అయిందా, నాదే తప్పని ఒప్పుకుంటా. కాలేదా, సోమవారం ఈ పెట్టెని బండికెత్తించి మీ షోరూముకు తెస్తా. జనం నిలబడి ఉండగా అడుగుతా మీ మేనేజర్ని."

వదిన అడుగుతానంటే అడుగుతుంది. ఒకసారి పాలు పల్చగా ఉన్నాయని పాలవాడి చేతే హాస్టలు పిల్లలందరి ముందూ ఆ పాలు తాగించిన చరిత్ర ఆవిడది.

డెమో మేడం మేనేజరు దగ్గరికి వెళ్లి విషయం చెప్పింది. షోరూములో పనిచేసే వాళ్లందరం ఒకే ఫ్యామిలీ అని ఆయన రోజుకు ఒకసారైనా అనేవాడు. ఇప్పుడూ అన్నాడు. "మేడం, మనమంతా ఒక ఫ్యామిలీ. మీ ఫ్యామిలీ సంగతి మాత్రం మీరే చూసుకోండి. ఆ పెట్టె వెనక్కి వస్తే ఆ కింది ఓవెన్ సంగతి నాకు తెలియదంటాను. ఏమీ అనుకోకండి."

ఆమె ఏమీ అనుకోలేదు. ఆయన నుంచి ఇంతకంటే ఏం ఆశించాలో కూడా ఆమెకు తెలియదు.

ఆదివారం మధ్యాహ్నం భర్తా, అత్తగారూ, తానూ బస్సెక్కి వదిన ఇంటికి వెళ్లారు. దారి పొడుగునా టైమ్‌కీపరు ఉత్సాహంగా వాచీకి కీ ఇస్తూనే ఉన్నాడు. "నువ్వేం కంగారు పడకు. సెకను కూడా అటూ ఇటూ పోనివ్వను" అన్నాడు. భార్యకు ధైర్యం చెబుతున్నాననే ఆయన ఉద్దేశం.

ఓవెన్ హాల్లో, ఒకప్పుడు కుట్టు మిషను ఉన్న బల్ల మీద కొలువుదీరి ఉంది. దాని మీద వదిన స్వయంగా అల్లిన లేసు గుడ్డ. ఎదురుగా కుర్చీలు వరసగా వేసి ఉన్నాయి. డెమో మేడం సామాను వైపు చూసింది. దుంపలకు మన్ను వదల్లేదు. క్యారెట్లకు ఆకులు కూడా ఉన్నాయి. చేప అయితే తలా తోకా పొలుసులతో నిండు మనిషిలా పళ్లెంలో పడుకుని ఆమె వంకే చూస్తోంది. గాజు గిన్నెల్లేవు. వెనక గది లేదు. బల్ల కింద వంగి చూస్తే వదిన చెప్పులు తప్ప మరేమీ లేవు.

"మొదలుపెట్టు" అంది వదిన.

"రెడీ... స్టార్ట్" అన్నాడు టైమ్‌కీపరు, బస్సును పంపించినట్టు చెయ్యి ఊపి.

ఓవెన్ వెలిగించి, కత్తి తీసుకుని, ఆమె మొదటి దుంప చెక్కు తీసింది. గదిలో చిన్న శబ్దం లేదు. వాచీ టిక్కుటిక్కులు వినిపిస్తున్నాయి. చెక్కు తీయడానికే అరగంట చాలదని మూడో దుంపకు తేలిపోయింది. ఇక్కడ గంట కొట్టే మేనేజరు లేడు. అందరి కళ్లూ తన చేతుల మీదే. అందరూ గడియారం చూస్తున్నారు. మాట ఆగితే ఏమవుతుందో ఆమెకు తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు. నోరు దానంతట అదే తెరుచుకుంది.

"ఏవండీ, ఆ తప్పిపోయిన బస్సు కథ అన్నయ్యకు చెప్పారా?"

టైమ్‌కీపరు ముఖం వెలిగింది. ఆయన ఉద్యోగ జీవితంలో చెప్పుకోదగ్గ సంఘటన అదొక్కటే. "చెప్పలేదూ? బావా, విను. పోయినేడు వానాకాలం. రావాల్సిన బస్సు రాలేదు. చీకటి పడింది, తెల్లారింది..."

"ఎక్కడికి పోయింది?" అన్నాడు కట్టుడు పళ్ల బావ.

"అదే కదా! డ్రైవరు కొత్తవాడు. ఒక మలుపు ఇటు తిప్పాల్సింది అటు తిప్పాడు." స్టీరింగు తిప్పడం చూపించడానికి రెండు చేతులూ కావాల్సి వచ్చాయి. వాచీ జేబులోకి పోయింది. "ఎవర్నైనా దారి అడగడానికి నామోషీ. నేరుగా పోయాడు, పోయాడు... మర్నాడు పొద్దున డిపోలోకి తాపీగా దిగాడు. అంత ఆలస్యం రాయడానికి గడిలో చోటు లేదు బావా! చివరికి ఆ రోజు రావాల్సిన మొదటి బస్సే ముందుగా వచ్చిందని రాశాను. మెచ్చుకుంటూ పైనుంచి కాగితం కూడా వచ్చింది!"

బావ నవ్వాడు. అత్తగారూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వదిన మాత్రం నవ్వలేదు. "టైం చూడరా" అనబోతోంది. డెమో మేడం అంతకంటే ముందే అందుకుంది. "వదినా, మీ చేతి క్యారెట్ ముక్కలు స్కేలుతో కొలిచినట్టు ఉంటాయి. ఓవెన్‌కి అన్నీ ఒక్క కొలతలో ఉంటేనే కుదురుతుంది. నా వల్ల కావడం లేదు."

ఒకరి వల్ల కానిది తన వల్ల అవుతుందని చెబితే వదిన ఊరుకునే మనిషి కాదు. లేచి వచ్చి కత్తి అందుకుంది. కత్తి చేతికొచ్చాక నోరూ ఊరుకోలేదు. హాస్టల్లో పిల్లలు దుప్పటి కింద దిండ్లు పెట్టి కిటికీ దూకి వెళ్లడం, తాను ఆ దిండ్లకే శుభరాత్రి చెప్పి వచ్చేయడం, మర్నాడు పొద్దున "దిండు బాగా నిద్రపోయిందా?" అని అడగడం, అన్నీ చెప్పుకొచ్చింది.

"మరి పట్టుకోవా?" అంది అత్తగారు.

"పట్టుకుంటే కిటికీకి ఊచలు వేయిస్తారమ్మా. తర్వాత గాలి ఎలా వస్తుంది?" అంది వదిన. అంత మెత్తటి మాట ఆవిడ నోట్లోంచి రావడం ఆ గదికి కొత్త. ఆవిడకే కొత్తలా అనిపించి, క్యారెట్‌ను కొంచెం గట్టిగా నరికింది.

దుంపలూ క్యారెట్లూ చిన్న ముక్కలై, నూనెలో పొర్లి, దంచిన వెల్లుల్లితో ట్రేలోకి చేరాయి. ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా వాటిని పరిచి, డెమో మేడం తలుపు మూసింది. ఆ తర్వాత చేప పొలుసు తీసింది, కోసింది, ముల్లు ఏరింది, తడి లేకుండా గుడ్డతో అద్దింది. అది ఒక పట్టాన తెమిలే పని కాదు. అంతసేపూ ఆమె బావను కదిలించింది.

"అన్నయ్యా, పళ్లు కట్టడంలో అన్నిటికంటే కష్టమైన నోరు ఎవరిది?"

కట్టుడు పళ్ల బావను అంతవరకూ ఎవరూ ఏమీ అడిగి ఎరగరు. ఆయన ఒకసారి వెనక్కి తిరిగి, తననేనా అని చూసుకున్నాడు. "నవ్వని వాళ్లదమ్మా. నవ్వితే కదా ఎంత పన్ను కనబడాలో తెలిసేది. ఒకాయన వచ్చాడు. అస్సలు నవ్వడు. పైగా ముందు పళ్ల మధ్య సందు పెట్టమంటాడు."

"సందెందుకు? డబ్బులిచ్చి సందు కొనుక్కుంటారా ఎవరైనా?" అన్నాడు టైమ్‌కీపరు.

"నేనూ అదే అడిగాను. 'పెళ్లినాటికి నాకు సందు ఉండేది. మా ఆవిడకు ఇప్పుడు చూపు ఆనడం లేదు, మనుషుల్ని గుర్తుపట్టడమూ తగ్గిపోయింది. ఈల వేస్తే ఆ సందులోంచి వచ్చే చప్పుడు మాత్రం గుర్తుపడుతుందేమో' అన్నాడు. నేను నాలుగుసార్లు చేశాను బాబూ ఆ సందు. చేసిన ప్రతిసారీ కూర్చుని ఈల వేయించాను. నాలుగోసారికి కుదిరింది. అప్పుడు నవ్వాడు."

ఓవెన్ ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపించింది.

"ఇన్నేళ్లలో నాకెప్పుడూ చెప్పలేదే?" అంది వదిన.

"చెప్పే సందు నువ్వెప్పుడిచ్చావు?" అన్నాడు బావ.

అందరూ ఒక్కసారి ఘొల్లుమన్నారు. వదిన కూడా.

డెమో మేడం ఓవెన్ అద్దంలోకి తొంగి చూసింది. షోరూములో ఆమె నిలబడేది ఓవెన్‌కు వీపు పెట్టి, జనానికి ముఖం పెట్టి. దుంప అంచు ముందు పాలిపోయి, తర్వాత పసుపు పచ్చబడి, ఆ తర్వాత గోధుమ రంగు గీత గీసుకోవడం ఆమె ఎన్నడూ కళ్లారా చూడలేదు. తాను ఇన్నాళ్లుగా పొగుడుతున్న పని జరగడం ఇదే మొదటిసారి చూస్తున్నానని తెలిసి ఆమెకు సిగ్గూ నవ్వూ కలిసి వచ్చాయి. అంచులు రంగు తిరిగాక ఉల్లిపాయలూ క్యాప్సికమూ వేసింది. అవి మెత్తబడ్డాక, అన్నిటికంటే చివర, చేప ముక్కలు పరిచి నిమ్మకాయ బిళ్లలు పెట్టింది. చేపకు ఎక్కువ సేపు అక్కర్లేదు. వదిన మొదటిసారి అన్నిటినీ కలిపి ఒకేసారి తోసేసింది. డెమోలో చూసింది చూసినట్టు చేసింది మరి.

ట్రే బయటికి వచ్చేసరికి కిటికీలో మధ్యాహ్నం పోయి సాయంత్రం వచ్చి కూర్చుంది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. దుంప నోట్లో వేసుకుంటే పైన కరకర, లోపల వెన్న. చేప చెంచా తగలగానే పొరలు పొరలుగా విడిపోయింది. అత్తగారు రెండోసారి వడ్డించమని పళ్లెం తానే ముందుకు జరిపింది. మాటలు కొంతసేపు ఆగిపోయాయి. ఆ ఆగడం వల్ల ఎవరికీ ఏ నష్టమూ కలగలేదు.

పళ్లేలు ఖాళీ అయ్యాక వదినకు అసలు పని గుర్తొచ్చింది. "ఒరేయ్, ఎంతసేపు పట్టిందిరా?"

టైమ్‌కీపరు ఉలిక్కిపడి జేబులోంచి వాచీ తీశాడు. ముల్లు ఎక్కడుందో చూశాడు. ఆయన ముఖం పాలిపోయింది. భార్య వంక చూశాడు. నిమ్మరసం అంటిన తన పళ్లెం వంక చూశాడు. ఎంత ఆలస్యంగా వచ్చిన బస్సునైనా పరువుగా డిపోలోకి చేర్చిన అనుభవం ఆయనది.

"అరగంటే అక్కా" అన్నాడు. "కాస్త అటూ ఇటూ."

"మరి నేను చేస్తే ఎందుకు రాలేదు?"

"మీరు ముక్కలు అంత చక్కగా కోయలేదేమో వదినా, ఆ రోజు" అంది డెమో మేడం. వదిన తాను ఇవాళ కోసిన ముక్కల్ని తలుచుకుని, సంతృప్తిగా తలూపి, తప్పు ఒప్పేసుకుంది.

తిరుగు బస్సులో టైమ్‌కీపరు ముందు సీట్లో కూర్చుని, డ్రైవరు ఎంత ఆలస్యం చేస్తున్నాడో లెక్క వేసుకుంటున్నాడు. వెనక సీట్లో అత్తాకోడళ్లు.

"గంటన్నర దాటింది" అంది అత్తగారు, కిటికీలోంచి బయటికి చూస్తూ. "హాల్లో గోడగడియారం ఉంది. నా కుర్చీకి ఎదురుగానే."

కోడలు ఆవిడ వైపు తిరిగింది. "మరి అక్కడే అనలేదేం అత్తయ్యా?"

"తినే ముందైతే అనేదాన్నే. తిన్నాక ఎలా అంటాను?" ఆవిడే మళ్లీ అంది. "అంత మాట్లాడతావని నాకు తెలియదు. ఇంట్లో అడిగినదానికి ఊ, ఆ తప్ప పలకవు. నేనంటే గిట్టదేమో అనుకుంటూ ఉన్నాను ఇన్నాళ్లూ."

"అయ్యో, అదేం లేదు. అక్కడ నిలబడి వాగీ వాగీ గొంతు అరిగిపోతుంది. ఇంటికి వచ్చేసరికి మిగిలేది ఆ ఊ, ఆ మాత్రమే."

"మిగిలినదాంట్లోంచే నాకూ కొంచెం" అంది అత్తగారు. భుజం కోడలి భుజానికి ఆనించి కునుకు తీసింది.

వదిన ఆ ఓవెన్‌ను హాస్టలంతా పొగిడింది. ఆవిడ మాట విని ముగ్గురు నలుగురు వెళ్లి కొన్నారు. వాళ్లకెవరికీ అరగంటలో కాలేదు. వచ్చి చెబితే, కోయడం చేతకాక ఓవెన్‌ని అంటారా అని వదిన వాళ్లకే తలంటింది. ఇక ఎవరూ ఎక్కడా ఫిర్యాదు చేయలేదు. అమ్మకాలు పెరిగాయని మేనేజరు డెమో మేడానికి చప్పట్ల మధ్య ఒక పూలగుత్తి ఇచ్చాడు. అదే సందని ఆమె, బల్ల పక్కనున్న బోర్డు మీద అరగంట తీసేసి గంట అని రాయిద్దామని అడిగింది. "గంటైతే వాళ్లకు స్టవ్వు చాలు మేడం" అన్నాడాయన. ఆయన చెప్పింది నిజమే కావడం ఆమెకు ఇంకా మంట పుట్టించింది. మర్నాడు మళ్లీ గంట మోగింది, చేతిగుడ్డ కింద పడింది, ఆమె వంగింది.

ఇంట్లో మాత్రం సాయంత్రాలు కొంచెం మారాయి. ఆమె వచ్చేసరికి అత్తగారు వంటగది గుమ్మంలో పీట వేసుకుని సిద్ధంగా ఉండేది. కోడలు గొంతు తడుపుకుని, స్టవ్వు మీద పెనం పెట్టి, సన్నటి సెగ మీద దుంప ముక్కలు తిప్పుతూ, ఆ రోజు బల్ల ముందుకు ఎవరెవరు వచ్చారో చెప్పేది. కొన్నిసార్లు గొంతు బొంగురుపోయి సగం మాటలు గాలే అయ్యేవి. ఆవిడ ముందుకు వంగి వినేది.

"ఇంతకీ వంట అయిందా?" అని హాల్లోంచి టైమ్‌కీపరు అరిచేవాడు.

"ఇంకా లేదు" అనేది అత్తగారే, పెనం వైపు చూడకుండా. "నువ్వు చెప్పవే. ఆ తర్వాత ఆవిడేమంది?"